మీకు తెలుసా? గుంపు కట్టడానికి ఒక్క రంగు చాలు

ముఖాలు తెలియవు, ఊళ్ళు తెలియవు, ఒక్కోసారి అసలు పేర్లు కూడా తెలియవు. అయినా నెట్‌లో నాలుగు రోజులు ఒకచోట మసలితే చాలు, 'మా వాళ్ళు', 'బయటివాళ్ళు' అన్న గీత పడిపోతుంది. ఆ గీత పడటానికి పెద్ద ఆశయాలూ సిద్ధాంతాలూ ఉండాలనుకుంటాం. అక్కర్లేదు. ఎంత తక్కువతో సరిపెట్టుకుంటామో చెప్పే సంగతులు కొన్ని చూడండి.

నొక్కినవాళ్ళు, నొక్కనివాళ్ళు

2015 ఏప్రిల్ 1న చర్చల వెబ్‌సైటు రెడిట్ వాళ్ళు ఒక బటన్ పెట్టారు. పక్కనే ఒక గడియారం, 60 సెకన్ల నుంచి కిందికి లెక్కపెడుతూ ఉంటుంది. ఎవరు నొక్కినా మళ్ళీ 60కి వెళ్ళిపోతుంది. ఒక ఖాతాకు ఒక్కసారే అవకాశం, అదీ ఆ రోజుకు ముందే తెరిచిన ఖాతాలకే. బహుమతి లేదు. గెలుపోటములు లేవు. సున్నాకి చేరితే ఏమవుతుందో కూడా చెప్పలేదు.

తిరకాసు ఒక్కటే. నొక్కిన క్షణానికి గడియారంలో ఎంత మిగిలిందో దాన్నిబట్టి మీ పేరు పక్కన ఒక రంగు చుక్క వస్తుంది. తొందరపడి నొక్కేస్తే ఊదా రంగు. ఊపిరి బిగబట్టి ఆఖరి సెకన్ల దాకా ఆగితే ఎరుపు. మధ్యలో నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ. అసలు నొక్కనివాళ్ళది బూడిద రంగు.

కొద్ది రోజుల్లోనే రంగుల వారీగా వర్గాలు లేచాయి. బూడిద రంగువాళ్ళు నొక్కకపోవడాన్ని ఒక నిష్ఠగా పట్టారు. ఊదావాళ్ళు ఓపిక లేని జనం అయిపోయారు. ఎర్రచుక్కవాళ్ళు తమను తాము వీరులుగా భావించుకున్నారు. గడియారం సున్నాకు చేరకూడదని 'బటన్ యోధులు' వంతులు వేసుకుని రాత్రింబవళ్ళు కాపలా కాశారు. ఆ బటన్‌ను కొలిచే 'చర్చి' కూడా ఒకటి వెలిసింది. జూన్ 5న ఒక నిమిషం పాటు ఎవరూ నొక్కకపోవడంతో ఆట ముగిసింది. అప్పటికి నొక్కినవాళ్ళు పది లక్షల పైమాటే. ఇంతకీ సున్నాకి చేరితే ఏమైందంటారా? ఏమీ కాలేదు.

ఇదే సంగతిని నెట్ లేని రోజుల్లో తేల్చినాయన

హెన్రీ టాజ్‌ఫెల్ పోలండ్ యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేస్తూ 1940లో జర్మన్లకు పట్టుబడ్డాడు. తాను పోలండ్ వాడినన్న సంగతి బయటపడితే ప్రాణం దక్కదని, ఫ్రెంచివాడినని చెప్పుకుని బతికాడు. తిరిగొచ్చేసరికి సొంత కుటుంబంలో ఎవరూ మిగల్లేదు. మనిషి ఏ గుంపువాడన్న దానిమీద బతుకూ చావూ ఎలా తేలుతాయో పుస్తకాల్లో చదివి తెలుసుకున్న మనిషి కాదు. తర్వాత ఆయన మనస్తత్వ శాస్త్రంలోకి వచ్చాడు.

1970 ప్రాంతంలో బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ళ బడిపిల్లల్ని కూర్చోబెట్టి, పాల్ క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించాడు. ఏది నచ్చిందో అడిగి, "నువ్వు క్లే జట్టు, నువ్వు కాండిన్‌స్కీ జట్టు" అన్నాడు. నిజానికి ఆ పంపకం వాళ్ళ ఇష్టాన్నిబట్టి చేసింది కాదు, చీటీలు తీసినట్టు చేసిందే. తమ జట్టులో ఎవరున్నారో పిల్లలకు తెలియదు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఇంకో ఇద్దరికి డబ్బులు పంచమన్నారు. ఆ ఇద్దరి గురించి చెప్పింది ఒక అంకె, ఒక జట్టు పేరు మాత్రమే. తను పంచేదాంట్లో తనకు పైసా రాదు.

అయినా ఎక్కువమంది తమ జట్టువాడికే ఎక్కువ ఇచ్చారు. అది సరే, మనిషన్నాక సహజం అనుకుందాం. ఆలోచించాల్సింది రెండోది. తమ జట్టుకు మొత్తం మీద ఎక్కువ వచ్చే దారి ఒకటి, తక్కువే వచ్చినా అవతలి జట్టు కన్నా పైచేయి అయ్యే దారి ఇంకొకటి ఉన్నప్పుడు, చాలామంది రెండోదానికే మొగ్గారు. మనకు తగ్గినా పర్లేదు, వాళ్ళకు ఇంకా తగ్గాలి! పిల్లలు కదా అని నవ్వే ముందు, మీ అపార్ట్‌మెంట్‌లో ఏ బ్లాకు వాళ్ళకీ బీ బ్లాకు వాళ్ళకీ నీళ్ళ ట్యాంకరు దగ్గర నడిచే వ్యవహారం ఒకసారి గుర్తు చేసుకోండి.

పదహారు రంగులు, మూడు రోజులు

బటన్ అయిన రెండేళ్ళకు, 2017 ఏప్రిల్ 1న, అదే రెడిట్ ఒక తెల్ల కాన్వాసు తెరిచింది. అడ్డం వెయ్యి గళ్ళు, నిలువు వెయ్యి గళ్ళు, 16 రంగులు. ఒకసారి ఒక్క గడి నింపవచ్చు. మళ్ళీ నింపాలంటే 5 నుంచి 20 నిమిషాలు ఆగాలి. మీరు నింపిన గడిమీద మరుక్షణమే ఎవరైనా ఇంకో రంగు వేసేయొచ్చు. అంటే ఒంటరిగా ఎవరూ ఏమీ గీయలేరు.

మొదట్లో కింద కుడిమూల కొందరు ఊరికే నీలం నింపడం మొదలుపెట్టారు. ఎందుకంటే ఏమీ లేదు, నీలం. అదే ఒక వర్గమైంది. కనబడినదల్లా నల్లగా చేసేస్తామని ఇంకో వర్గం బయల్దేరింది. వాటిని కాచుకుంటూ మోనాలిసాను గీసినవాళ్ళున్నారు. జర్మనీ జెండా పెరిగి పెరిగి ఫ్రాన్స్ జెండామీద పడింది. గొడవ ముదిరి, చివరికి రెండు జెండాల మధ్యన యూరోపియన్ యూనియన్ జెండా లేచింది. 72 గంటల్లో పది లక్షల మందికి పైగా కలిసి సుమారు కోటీ అరవై లక్షల గళ్ళు నింపారు.

2022లో మళ్ళీ పెట్టినప్పుడు కోటి మందికి పైగా వచ్చారు. ఆఖరి ఘడియల్లో నిర్వాహకులు తెల్లరంగు తప్ప అన్ని రంగులూ తీసేశారు. అంతవరకు ఒక్క గడి కోసం కొట్టుకున్నవాళ్ళే చకచకా తెల్లరంగు పూసి మొత్తం తుడిచేశారు.

పాదరసం పుకారు నుంచి పుట్టిన నవ్వు

1982 సెప్టెంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ నోటీసు బోర్డు మీద ఒక భౌతికశాస్త్రపు పొడుపుకథ నడుస్తోంది: కిందికి పడిపోతున్న లిఫ్టులో పాదరసం బొట్టు ఏమవుతుంది? ఒకాయన వేళాకోళానికి, ఫలానా లిఫ్టులో పాదరసం ఒలికింది, కాస్త నిప్పు కూడా అంటుకుంది జాగ్రత్త అని రాశాడు. మధ్యలో వచ్చి చదివినవాళ్ళు నిజమనుకుని కంగారుపడ్డారు. జోకుకి ఏదైనా గుర్తు పెట్టాలన్న చర్చ మొదలైంది. # అయితే పళ్ళు బయటపెట్టి నవ్వినట్టుంటుందని ఒకరు, & అయితే లావుపాటి మనిషి పొట్ట పట్టుకుని నవ్వినట్టుంటుందని ఒకరు అన్నారు. సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ :-) అని పెట్టి, పక్కకి తిప్పి చూడమన్నాడు. లోపలివాళ్ళకు అర్థమైన వేళాకోళం బయటివాళ్ళకు అర్థం కాకపోవడమే ఈ గుర్తు పుట్టుకకు కారణం. ఇప్పుడు అందరిదీ అయిపోయింది గానీ, మొదట్లో అదొక చిన్న ముఠా గుర్తే.

ముగియని సెప్టెంబరు

యూజ్‌నెట్ 1980లో అమెరికాలో రెండు యూనివర్సిటీల మధ్య మొదలైన చర్చావేదిక. ఏటా సెప్టెంబరులో కొత్త విద్యార్థులు వచ్చిపడేవారు, పద్ధతులు తెలియక గోల చేసేవారు. పాతవాళ్ళు కసిరీ నేర్పీ నెలరోజుల్లో దారిలో పెట్టేవారు. ఆ తర్వాత నెట్ సదుపాయం అమ్మే ఏఓఎల్ కంపెనీ తన చందాదారులందరికీ తలుపు తీసింది. నేర్పేవాళ్ళ కన్నా వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు. 1993 సెప్టెంబరు తర్వాత ఈ తాకిడి ఆగనేలేదు, అందుకే ఆ సెప్టెంబరు ఇంకా అవ్వలేదని పాతకాపులు నేటికీ వేళాకోళంగా తేదీలు లెక్కపెడుతుంటారు.

బీరు చెప్పిన ఆయుష్షు

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2013లో రెండు బీరు రుచుల వేదికల్లో ఏళ్ళ తరబడి పోగైన రాతల్ని తవ్వారు. కొత్తగా చేరినవాడు మొదట అక్కడి మాటతీరు పట్టుకుంటాడు. కొన్నాళ్ళకు ఆగిపోతాడు. గుంపు భాష మాత్రం ఆగదు, ముందుకు పోతూనే ఉంటుంది. ఉదాహరణకు వాసన గురించి రాసేటప్పుడు ఒక కాలంలో అందరూ ఒక మాట వాడేవారు, తర్వాత కొత్తవాళ్ళు ఇంకో మాటకు మారారు. పాతవాళ్ళు పాతదాన్నే పట్టుకుని కూర్చున్నారు. ఒక మనిషి మొదట్లో గుంపు భాషను ఎలా అందుకుంటున్నాడో చూస్తే, అతను అక్కడ ఎన్నాళ్ళుంటాడో కూడా ముందే చెప్పొచ్చని వాళ్ళు తేల్చారు. ఆఫీసులో కుర్రాళ్ళ మాటలు మనకు అర్థం కావడం మానేసిన రోజు గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

పెద్ద డి, చిన్న డి

తెలుగు అక్షరం కంప్యూటర్ తెరమీదికి తేలిగ్గా రాకముందే నెట్‌లో తెలుగువాళ్ళ అడ్డా ఉంది. 1990ల తొలి ఏళ్ళలో యూజ్‌నెట్‌లో తెలుగుకంటూ ఒక చర్చావేదిక ఏర్పడింది. రాసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి దీనికో పద్ధతి తయారుచేశారు. చిన్న డి కొడితే ద, పెద్ద డి కొడితే డ. అలాగే త-ట, న-ణ, ల-ళ. ఆ పద్ధతిలో రాసింది మామూలు కంటికి పిచ్చిరాతలా ఉంటుంది, వాక్యం మధ్యలో పెద్దక్షరాలు పొడుచుకొస్తుంటాయి. అలవాటైనవాడు మాత్రం దాన్ని తెలుగు చదివినంత తేలిగ్గా చదివేస్తాడు. పెద్ద డి ఎక్కడ కొట్టాలో తెలిసినవాడు మనవాడే.

ఆ అలవాటు పోలేదు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు చూపే 'లేఖిని'ని 2006లో వీవెన్ తెచ్చాడు, అందులోనూ ఇదే దారి. అమెరికా తెలుగువాళ్ళు 1998లో మొదలుపెట్టిన వెబ్ పత్రిక 'ఈమాట' కూడా ఇప్పటికీ వస్తోంది.

ఎవరి అరుగు వాళ్ళది

వికీపీడియాలో రాసేవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే పుట ఒకటి దాదాపు ప్రతి భాషలోనూ ఉంటుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో అది రచ్చబండ. కన్నడంలో అరళి కట్టె, అంటే రావిచెట్టు అరుగు. తమిళులది మర్రిచెట్టు నీడ, మలయాళీలది పంచాయతీ, హిందీవాళ్ళది చౌపాల్. స్వీడన్ వాళ్ళు ఊరబావి దగ్గర కలుస్తారు. ఫ్రెంచివాళ్ళది బిస్ట్రో, స్పానిష్‌వాళ్ళది కాఫీ హోటలు, ఇటాలియన్లది బార్. ఒకే సాఫ్ట్‌వేరు, ఒకే మూలసూత్రాలు. కూర్చునే చోటు మాత్రం ఎవరి ఊరినుంచి వాళ్ళు తెచ్చుకున్నారు.

354

నెట్ లేకుండానే చెల్లాచెదురుగా ఉన్నవాళ్ళను ఒకచోటికి చేర్చినవాళ్ళూ ఉన్నారు. నిజాం రాజ్యపు తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చింది. 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగలేదు. కవుల వివరాలూ పద్యాలూ సేకరించారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువడింది. అందులో 354 మంది. పక్క జిల్లాలో ఇంకో కవి ఉన్నాడని కూడా తెలియకుండా రాసుకుంటున్నవాళ్ళు ఒక పుస్తకంలో పక్కపక్కన నిలబడ్డారు. ఇవాళ ఒక హ్యాష్‌ట్యాగ్ చేసే పని ఇదే, కాకపోతే ఈ పుస్తకం తొంభై ఏళ్ళయినా చెదరలేదు.

పదో తరగతి బ్యాచ్

మన దగ్గర నెట్ గుంపు అంటే ముందు గుర్తొచ్చేది టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపే. దాని పుట్టుక ఇంచుమించు ప్రతి ఊళ్ళోనూ ఒకేలా ఉంటుంది. ఎవరి దగ్గరో రంగు వెలిసిన గ్రూపు ఫొటో దొరుకుతుంది, దాన్ని డీపీగా పెడతారు. వెనక వరసలో నిలబడ్డవాడెవడో తేల్చడానికి రెండు రోజులు పడుతుంది. హైస్కూలు పేరు, సంవత్సరం కలిపి గ్రూపుకి పేరు. నెల తిరగకుండానే 'ఆత్మీయ సమ్మేళనం' ప్రస్తావన, చందాలు, ఫ్లెక్సీ, రిటైరైన మాస్టార్లకు శాలువాలు. ఆరోజుల్లో ఎవరూ పలకరించని కుర్రాడు ఇప్పుడు దుబాయ్ నుంచి భోజనాల ఖర్చు నాదే అంటాడు. అసలు వింత ఏమిటంటే, బళ్ళో ఉన్నప్పుడు ఏ సెక్షన్‌కి ఆ సెక్షన్, ఏ బెంచీకి ఆ బెంచీ. 'మా బ్యాచ్' అన్నది ముప్పై ఏళ్ళ తర్వాత ఫోన్‌లో పుట్టింది. పుట్టిన నెలకే ఎన్నికలొస్తే రెండుగా చీలి, రెండో గ్రూపు కూడా తయారవుతుంది.

సినిమా అభిమానులది ఇంకో తీరు. హీరో పుట్టినరోజుకు ముందు 'కామన్ డీపీ' విడుదల చేస్తారు. దాన్నే సీడీపీ అంటారు. ఫలానా సాయంత్రం ఫలానా గంటకు వేలమంది తమ బొమ్మ తీసేసి అదే బొమ్మ పెట్టుకుంటారు. ఆ రెండు మూడు రోజులు ఎవరికీ సొంత ముఖం ఉండదు. కొరియా పాటల బృందం బీటీఎస్ అభిమానులు ఇలాంటి కట్టుబాటునే ఇంకోదానికి వాడారు. 2020 జూన్‌లో ఆ బృందం అమెరికాలో నల్లజాతివారి ఉద్యమానికి పది లక్షల డాలర్లు ఇచ్చిందని తెలియగానే, అంత మొత్తాన్నీ అభిమానులు సుమారు ఒక్క రోజులో పోగుచేశారు.

పేరు పెట్టుకున్నవాళ్ళు, పేరు పోగొట్టుకున్నవాళ్ళు

ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తూ మాట్లాడటం కష్టమయ్యే ఆటిజం ఉన్నవారికి, రాసుకుంటూ మాట్లాడే నెట్ పెద్ద వరమైంది. 1990లలో వాళ్ళు అక్కడ ఒకరినొకరు కనుక్కున్నారు. జబ్బు కింద కాకుండా మెదళ్ళలో ఉండే వైవిధ్యం కింద తమను చూడాలన్న వాదన అక్కడ బలపడింది. 1998లో ఒక కొంటె వెబ్‌సైటు ఇంకో అడుగు వేసింది. మామూలు మనుషులకే రోగనిర్ధారణ చేసిపెట్టింది: నలుగురిలో కలవాలన్న అతి తాపత్రయం, అందరిలా ఉండాలన్న పట్టుదల, తామే సరి అన్న భ్రమ వీరి లక్షణాలట.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. 'ఇన్‌సెల్' అన్న పేరు నేడు ఆడవాళ్ళ మీద ద్వేషం కక్కే మగవాళ్ళ ముఠాలది. ఆ పేరుకు మూలం ఎవరనుకుంటున్నారు? టొరంటోలో ఒక విద్యార్థిని. 1997లో, తోడు దొరకని ఆడా మగా అందరూ కష్టసుఖాలు చెప్పుకోవడానికని ఆమె ఒక వెబ్‌సైటు పెట్టింది. కొన్నేళ్ళకు తన బతుకు తాను చూసుకుని తప్పుకుంది. గుంపు చేతులు మారింది. 2018 ఏప్రిల్‌లో అదే టొరంటోలో, ఆ పేరు చెప్పుకున్న ఒకడు జనం మీదికి వ్యాను తోలి చంపాడు. ఒంటరితనం పోగొట్టడానికి కట్టిన అరుగు మీదే ఈ విషం పెరిగిందన్నది మరిచిపోకూడని సంగతి.

మనవాడు పంపిందే కదా

2018 మేలో తెలుగు రాష్ట్రాల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో వదంతులు పాకాయి. దారినపోయే అమాయకుల్ని కొట్టి చంపిన ఘటనలు జరిగాయి. చదువుకున్నవాళ్ళు కూడా ఎందుకు నమ్మారంటే, అది పంపింది పత్రికో ప్రభుత్వమో కాదు, మన గ్రూపులో మనవాడు. అప్పుడు గద్వాల, వనపర్తి ప్రాంతాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఈ కిటుకు పట్టుకున్నారు. ఊరికో కానిస్టేబుల్‌ను పెట్టి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించారు, డప్పులతో జానపదాలతో చాటించారు. ఖండన కూడా లోపలివాడి నోటినుంచే రావాలన్నమాట. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒకసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయనివ్వకుండా కట్టడి పెట్టింది.

అవతలి పక్షం మాట వినిపిస్తే మనుషులు మెత్తబడతారని ఇంకో నమ్మకం. అమెరికాలో క్రిస్ బెయిల్ బృందం దీన్నే పరీక్షించి 2018లో ఫలితం ప్రకటించింది. రెండు పార్టీల అభిమానులకు కాస్త డబ్బిచ్చి, నెల రోజుల పాటు ఎదుటి పక్షం మాటలు వినిపించే ట్విట్టర్ ఖాతాను అనుసరించమన్నారు. రిపబ్లికన్లు మెత్తబడకపోగా మరింత బిగుసుకున్నారు. డెమొక్రాట్లలో చెప్పుకోదగ్గ మార్పే లేదు. వాదన తెచ్చి పడేస్తే గోడ కూలుతుందనుకోవడం అమాయకత్వం. చాలాసార్లు ఇంకో వరస ఇటుకలు లేస్తాయి.

ఇంకొన్ని

సోవియట్ యూనియన్‌కు 1990 సెప్టెంబరులో నెట్ చిరునామా (వెబ్‌సైటు పేరు చివర వచ్చే తోక) కేటాయించారు. ఏడాదిన్నర తిరగకుండానే దేశం మాయమైంది. చిరునామా మాత్రం మిగిలింది. యుగోస్లావియా ముక్కలైన చాలా ఏళ్ళకు, 2010లో గానీ దాని చిరునామా రద్దు కాలేదు.

దేశం కాకపోయినా ఒక భాషా సంస్కృతులకంటూ విడిగా దక్కిన మొదటి నెట్ చిరునామా కాటలాన్ వాళ్ళది, 2005లో.

నెట్ గుంపుల్లో నూటికి 90 మంది ఊరికే చదువుతారని, 9 మంది అప్పుడప్పుడు రాస్తారని, ఒక్కరే అదేపనిగా రాస్తారని 2006లో జేకబ్ నీల్సన్ ఒక లెక్క చెప్పాడు. మీ కుటుంబ గ్రూపులో ఆ ఒక్కరు ఎవరో మీకు నేను చెప్పాలా?

వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు 100 మందికే చోటు. 2016లో 256 అయింది, 2022 చివరికి 1024.

ఇక, మొహమాటానికి ఏదో గ్రూపులో ఇరుక్కుపోయి, బయటికొస్తే పదిమందికీ తెలిసిపోతుందని ఆగినవాళ్ళకు ఒక మాట. 2022 నుంచి ఎవరైనా వెళ్ళిపోతే అడ్మిన్లకు తప్ప మిగతావారికి కబురు పోదు, నిశ్చింతగా తప్పుకోండి. కాకపోతే పాత సభ్యుల జాబితా తెరిచి చూసేవాళ్ళకు 60 రోజుల పాటు మీ పేరు కనబడుతూనే ఉంటుంది.